టార్గెట్ మ్యాన్ మన ఆటకి సెట్ అవుతాడా? ముందు వాడి చుట్టూ ఎవరున్నారో చూడండి

తమ్ముడు అడిగింది ఇదీ. వాళ్ల కాలేజీ టీమ్ రెండేళ్లుగా 4-3-3లో (వెనక నలుగురు, మధ్య ముగ్గురు, ముందు ముగ్గురు) కింద కింద చిన్న పాస్‌లతో ఆడుకుంటూ వస్తోంది. ఈ ఏడు ఆరడుగుల రెండంగుళాల స్ట్రైకర్ ఒకడు చేరాడు, ఒళ్లు గట్టిది, హెడ్డింగ్ బాగుంది, కానీ ఎనిమిది మ్యాచుల్లో కొట్టింది ఒక్కటే గోలు. సగం మంది వాణ్ని తీసెయ్యమంటున్నారట, మిగతా సగం వాడున్నాడు కదా ఇకనుంచి లాంగ్ బాల్ (వెనకనుంచి దూరంగా గాల్లోకి కొట్టడం) ఆడదాం అంటున్నారట. టార్గెట్ మ్యాన్ అంటే ముందు నిలబడి, డిఫెండర్‌ని వీపున ఆనించుకుని బాల్ ఆపి మనవాళ్లకి అందించే స్ట్రైకర్. అట్లాంటివాడు పాసింగ్ టీమ్‌కి పనికొస్తాడా రాడా అన్నది ప్రశ్న.

పనికొస్తాడు. కానీ తమ్ముడూ, నువ్వు వాడి గురించి అడిగావు, నేను చెప్పేదంతా మిగతా పది మంది గురించే ఉంటది, కాస్త ఓపిగ్గా చదువు.

నేను హైదరాబాద్‌లో ఒక ఆఫీసు టీమ్‌కి పదకొండేళ్లు స్టాపర్‌గా (వెనక మధ్యలో ఉండే డిఫెండర్‌గా) ఆడా, అంటే ఇట్లాంటి పొడుగోళ్లని పట్టుకునే డ్యూటీ నాది. తర్వాత పిల్లలకి కోచింగ్. స్టాపర్‌గా నేను భయపడింది గాల్లో ఎగిరేవాళ్లకి కాదు, ఎందుకంటే బాల్ పైనుంచి వస్తుంటే నాకూ కనిపిస్తది, నేనూ ఎగురుతా, పది సార్లలో ఐదు నాకే వస్తది. నన్ను నిద్రపోనియ్యకుండా చేసినవాడు ఇంకో రకం. బాల్ రాకముందే వెనక్కి రెండడుగులు వేసి నడుము నా పొట్టకి ఆనించి మోకాళ్లు వంచి కూర్చున్నట్టు నిలబడతాడు, మోచెయ్యి కాస్త పక్కకి చాపి నేను ఎడమ నుంచి వస్తానా కుడి నుంచి వస్తానా తడిమి చూసుకుంటుంటాడు, నాకేమో బాలే కనపడదు, వాడి వీపు, చెమటతో తడిసిన నంబరు, అంతే. ముందుకొస్తే తిప్పుకుని పోతాడు, వెనక్కి తగ్గితే హాయిగా ఆపుకుంటాడు. ఆ మనిషి ఐదడుగుల తొమ్మిదంగుళాలు ఉంటాడేమో. కాబట్టి టార్గెట్ మ్యాన్ అంటే హైట్ అనే మాట ముందు బుర్రలోంచి తీసెయ్యండి. మన హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచినప్పుడు ముందు ఆడిన స్ట్రైకర్ ఓగ్బెచేని చూడలేదా? ఆరడుగులు లేడు, వయసు అప్పటికే 37, అయినా ఆ సీజన్లో 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ తీసుకున్నాడు. కోవిడ్ వల్ల సీజనంతా గోవాలోనే జరిగింది కాబట్టి మేం టీవీలోనే చూశాం. కోచ్ మనోలో మార్కెజ్ టీమ్ లాంగ్ బాల్ టీమేం కాదు, శుభ్రంగా పాస్‌లు ఆడే టీమే. ఆ పెద్దాయన స్టాపర్‌ని వీపు మీద మోసుకుంటూనే బాల్ ఆపేవాడు, పక్కన వింగర్లు, వెనకనుంచి ఎక్కే బ్యాక్‌లు ఉండేవాళ్లు. సెట్ అయిందా లేదా?

ఇప్పుడు మీవాడి ఒక్క గోలు సంగతి. 2018 వరల్డ్ కప్‌లో ఫ్రాన్స్ నంబర్ 9 జిరూ ఏడు మ్యాచులూ ఆడాడు, 546 నిమిషాలు, గోల్స్ సున్నా. గోల్స్ పక్కన పెట్టు, గోల్ మీదకి సరిగ్గా కొట్టిన షాట్ కూడా ఒక్కటి లేదు. ఫ్రాన్స్ కప్పు ఎత్తింది. మీ కాలేజీ వాళ్ల లెక్క ప్రకారమైతే జిరూని క్వార్టర్స్‌కి ముందే ఇంటికి పంపెయ్యాలి.

అసలు ఫ్రాన్స్ కోచ్ డెషాంప్ మొదటి మ్యాచ్‌లో అదే చేశాడు, జిరూని బెంచ్ మీద కూర్చోబెట్టి ఎంబాపే, గ్రీజ్‌మన్, డెంబెలే అని ముగ్గురు చిచ్చరపిడుగుల్ని ముందు పెట్టాడు. కాగితం మీద చూస్తే ఎవరికైనా చెమటలు పట్టాలి. కానీ ఎదురుగా ఆస్ట్రేలియా, వెనక్కి తగ్గి గోడ కట్టి కూర్చుంది, ఈ ముగ్గురికీ ఉరకడానికి ఖాళీ ఏది? ముగ్గురూ బాల్ కాలికే కావాలని కిందకొచ్చేస్తున్నారు, స్టాపర్లని నిలబెట్టి ఉంచేవాడు ఒక్కడూ లేడు. 70వ నిమిషంలో 1-1 మీద ఉండగా జిరూ దిగాడు, 81వ నిమిషంలో పోగ్బా వాడికిచ్చి, వాడిదగ్గర తిరిగి తీసుకుని లోపలికి దూరి కొట్టాడు, డిఫెండర్‌కి తగిలి బారుని గుద్ది లోపల పడింది, రికార్డుల్లో సెల్ఫ్ గోల్‌గా రాశారు అనుకోండి. పెరూ మీద నుంచి ఇక ఫైనల్ దాకా అందరి మీదా జిరూనే మొదటి పదకొండులో. అర్జెంటీనా మీద 4-3 మ్యాచ్‌లో నాలుగో గోలు యూట్యూబ్‌లో ఉంటది, ఈసారి ఎంబాపేని చూడకు, జిరూని చూడు. బాల్ వచ్చేసరికి ఆపలేదు, తిరగలేదు, కుడిపక్కకి అట్లా జరిపాడంతే, పిల్లోడు ఉరుక్కుంటూ వచ్చి ఒక్కటే దెబ్బ. జరిపేటప్పుడు జిరూకి ఎంబాపే వస్తాడని తెలుసు, అందుకే చూడను కూడా చూడలేదు. మీవాడికి అట్లా వచ్చేవాడు ఎవరున్నారు? అదీ నా ప్రశ్న.

ఇంకో జత చెప్తా. 2021 ఆగస్టులో ఇంగ్లాండ్ క్లబ్ చెల్సీ 97.5 మిలియన్ పౌండ్లు పోసి స్ట్రైకర్ లుకాకుని తెచ్చుకుంది. అంతకు ముందు సీజన్ ఇటలీ క్లబ్ ఇంటర్‌కి 24 లీగ్ గోల్స్ కొట్టి పదకొండేళ్ల తర్వాత టైటిల్ తెచ్చిపెట్టినవాడు. 2022 ఫిబ్రవరి 19న క్రిస్టల్ ప్యాలెస్ మీద 90 నిమిషాలూ ఆడి బాల్‌ని ముట్టుకుంది ఏడంటే ఏడు సార్లు, అందులో ఒకటి కికాఫ్. లోకమంతా నవ్వింది. కట్ చేస్తే అదే ఏడాది ఆగస్టులో మాంచెస్టర్ సిటీ బోర్న్‌మత్‌ని 4-0తో కొట్టినప్పుడు సిటీ స్ట్రైకర్ హాలండ్ ముట్టుకుంది ఎనిమిది సార్లు. ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే అందులో ఒకటి గుండోగన్‌కి గోల్ పాస్, మిగతా టైమంతా ఇద్దరు స్టాపర్లు వాడి పక్కనుంచి కదలకుండా కూర్చుంటే మిగతావాళ్లు దోచుకున్నారు. హాలండ్ అచ్చంగా టార్గెట్ మ్యాన్ కాదులే, వాడిది వేరే జాతి, నేను చెప్పేది టచ్‌లు లెక్కపెట్టి తీర్పు చెప్పొద్దని.

లుకాకు విషయంలో నా అభిప్రాయం చాలామందికి నచ్చదు, అయినా చెప్తా. తప్పు వాడిదొక్కడిదే కాదు. ఇంటర్‌లో కోచ్ కోంటే 3-5-2 పెట్టాడు, అంటే ముందు ఇద్దరు స్ట్రైకర్లు, పక్కనే లౌటారో అంటిపెట్టుకుని ఉండేవాడు, ముందు ఉరకడానికి బోలెడు ఖాళీ. చెల్సీలో ఒక్కణ్నే ముందు పెట్టారు, ఎదుటివాళ్లు పెనాల్టీ బాక్స్ ముందు గుంపుగా ఉంటారు, వెనకున్న ఇద్దరూ బాల్ కాలికి కావాలనేవాళ్లే. పిలిచి పీటేసి విస్తరేసి అన్నం వడ్డించనట్టు అయింది. అయితే అంత గుంపులో వీపు మీద మనిషిని పెట్టుకుని ఆపడం లుకాకుకి నిజంగా అంత బాగా రాదు కూడా, ఒళ్లు చూసి టార్గెట్ మ్యాన్ అనుకుంటాం గానీ వాడు ఉరికే స్ట్రైకర్. చెల్సీ కొన్నది ఒకణ్ని, కావాల్సింది ఇంకొకణ్ని.

బార్సిలోనా, పొడుగు స్ట్రైకర్ ఇబ్రాహిమోవిచ్ కథ కూడా ఎవరో ఒకరు ఎత్తుతారు కాబట్టి రెండు ముక్కలు. 2009-10లో 16 లీగ్ గోల్స్ కొట్టాడు, టీమ్ 99 పాయింట్లతో లీగ్ గెలిచింది, దాన్ని ఫెయిల్యూర్ అనడం అన్యాయం. సమస్య ఏంటంటే మెస్సీ మధ్యకి రావాలనుకున్నాడు, మధ్యలో ఈయన నిలబడి ఉన్నాడు. ఒక ఒరలో రెండు కత్తులు. మీ టీమ్‌లో కూడా బాగా ఆడే ఒకడు మధ్యలోకి వచ్చి ఆడేవాడైతే ఇది ఆలోచించాల్సిందే, మిగతా వాదనలన్నీ తర్వాత.

పాసింగ్ టీమ్, పొడుగోడు కలవరు అనేవాళ్లకి స్పెయిన్‌ని చూపించు. 2010 వరల్డ్ కప్ రెండో రౌండ్, పోర్చుగల్ మీద గోల్ రావట్లేదు, టోరెస్‌ని తీసేసి 58వ నిమిషంలో యొరెంటే అనే కొబ్బరిచెట్టుని దింపారు. స్పెయిన్ అంతకంటే పాసింగ్ టీమ్ పుట్టలేదు కదా? వాళ్లు లాంగ్ బాల్స్ మొదలుపెట్టలేదు, అదే ఆట ఆడారు, కాకపోతే స్టాపర్లు ఇద్దరూ ఈయన చుట్టూ చేరారు, 63వ నిమిషంలో విల్లా కొట్టేశాడు. యొరెంటే ఆ టోర్నీలో ఇంకో మ్యాచ్‌లో దిగనే లేదు. ఒక తాళం, ఒక తాళంచెవి, వాడేసి మళ్లీ జేబులో పెట్టుకున్నారు.

మన ఊరి మనిషి చేసిన పని చెప్పకుండా ఎట్లా ఉంటా. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్, ఇండియా టీమ్ కోచ్ మన హైదరాబాదీ రహీం సాబ్. స్టాపర్ జర్నైల్ సింగ్‌కి థాయ్‌లాండ్ మీద తల పగిలి ఆరు కుట్లు పడ్డాయి. వెనక ఆడించడం కష్టమని సెమీస్‌లో సెంటర్ ఫార్వర్డ్‌గా పెట్టాడాయన! కుట్లున్న తలతో అక్కడా గోలు కొట్టాడు, ఫైనల్లో దక్షిణ కొరియా మీద కూడా కొట్టాడు, 2-1, గోల్డ్. చాలామంది దీన్ని ధైర్యం కథలాగా చెప్తారు, ధైర్యం ఉంది కాదనను, కానీ నాకు కనపడేది రహీం సాబ్ బుర్ర. జర్నైల్ సింగ్ ఒంటరిగా ఆడలేదు. పక్కన పీకే బెనర్జీ, చునీ గోస్వామి, మన సికింద్రాబాద్ బలరాం. బాల్ వాడి దగ్గర ఆగితే చాలు, మిగతా పని చేసేవాళ్లు నాలుగు వైపులా ఉన్నారు. అది తెలిసే పెట్టాడు.

ఒంటరిగా ఆడితే ఏమవుతదో నన్నడుగు. మా కోచ్ ఒకాయన, పేరెందుకులే, ఒక సీజన్లో ఫార్వర్డ్‌కి మోకాలు పోతే "నువ్వు పొడుగున్నావ్ గదా, పైకి పో" అని నన్ను ముందు నిలబెట్టాడు. ఎండాకాలం మధ్యాహ్నం, గడ్డి లేని గ్రౌండు, మా గోలీ (గోల్‌కీపర్) నలభై యాభై గజాల నుంచి నా తలకాయ మీదకి బాంబులేస్తున్నాడు. నేను గెలుస్తున్నా, నిజంగా గెలుస్తున్నా, కానీ తలతో కొట్టి కిందకి దిగి చూస్తే చుట్టుపక్కల అంతా వాళ్ల జెర్సీలే, మావాళ్లు అక్కడెక్కడో సెంటర్ సర్కిల్ దగ్గర నడుం మీద చేతులు పెట్టుకుని మ్యాచ్ చూస్తున్నారు. సెకండ్ హాఫ్‌లో బయట కూర్చున్న కుర్రాడికి లెక్క రాయమని చెప్పా, నేను తలతో గెలిచినవి తొమ్మిది, అందులో తర్వాతి టచ్ మావాళ్లది రెండు. రెండంటే రెండు! మ్యాచ్ అయ్యాక ముందు లైన్‌లో గోల్ రాలేదని తిట్లు తిన్నది ఎవరో చెప్పక్కర్లేదు.

అందుకే నీకు మొదటి పని అదే చెప్తున్నా. వచ్చే రెండు మ్యాచులకి బెంచ్ మీద ఒకడికి నోటుబుక్ ఇవ్వు. మీవాడికి బాల్ వెళ్లిన ప్రతిసారీ రెండే విషయాలు రాయాలి: వాడి తర్వాత టచ్ ఎవరిది, ఆ క్షణంలో మనవాళ్లలో వాడికి అందరికంటే దగ్గరున్నది ఎవరు, ఎన్ని అడుగుల్లో. గోల్స్ వద్దు, షాట్స్ వద్దు. తర్వాతి టచ్ ఎక్కువసార్లు ఎదుటివాళ్లదే అయితే, దగ్గరున్నవాడు ఇరవై అడుగుల అవతల ఉంటే, స్ట్రైకర్‌ని మార్చి ఏం లాభం, నువ్వు జిరూని తెచ్చి పెట్టినా అంతే. మనవాళ్లు దగ్గరున్నా కూడా బాల్ పోతోందంటే అప్పుడు లోపం వాడిదే, ఫస్ట్ టచ్ సంగతి చూడాలి.

రెండో సంగతి, బాల్ వాడికి ఎక్కడినుంచి వస్తోంది. స్టాపర్ నుంచి నిట్టనిలువుగా వచ్చే బాల్ మార్క్ చేసేవాడికి పండగ, నేను చెప్తున్నా కదా, బాల్, మనిషి రెండూ ఒకే గీత మీద కనపడతాయి, ఉరికొచ్చి ఎగరడమే. అదే ఫుల్‌బ్యాక్ దగ్గర్నుంచి అడ్డంగా, అవతలి భుజం వైపు వస్తే మెడ తిప్పి చూడాలి, చూసేలోపు వాడు ఆనుకుని నిలబడిపోతాడు. మీరు కింద కింద ఆడే టీమ్ కాబట్టి ఇంకా మంచిది, పదిహేను ఇరవై గజాల నుంచి మీ లింక్‌మన్ (మధ్యలో ఆడే మిడ్‌ఫీల్డర్) గట్టిగా కాలికి కొట్టే పాస్ టార్గెట్ మ్యాన్‌కి అన్నిటికంటే మంచి భోజనం. వీడొచ్చాడు కాబట్టి ఆట మార్చి గాల్లో ఆడదాం అనేవాళ్లకి ఇదే జవాబు, వాడి ఛాతీ, కాళ్లు కూడా వాడండి, తలకాయ ఒక్కటే ఎందుకు.

గాల్లో ఆడాల్సిన టైమ్ ఒకటుంది, అది కూడా మీలాంటి టీమ్‌కే. 2019 నుంచి గోల్ కిక్‌ని మనవాడు బాక్స్ లోపలే అందుకోవచ్చు కదా, దాంతో అందరూ గోలీ నుంచి చిన్న పాస్‌లు మొదలుపెట్టారు, ఎదుటివాళ్లు కూడా ఐదారుగురు బాక్స్ దాకా వచ్చి మీద పడుతున్నారు. మీ గ్రౌండ్ ఎట్లా ఉంటదో నాకు తెలీదు గానీ మా గ్రౌండ్లో అయితే ఆ ఎగుడుదిగుడు మీద గోలీ ముందు పాస్‌లు ఆడటం అంటే కొరివితో తల గోక్కోవడమే. అప్పుడు ముందు ఇట్లాంటి ఒకడుంటే మీ గోలీకి తప్పించుకునే దారి దొరుకుతది. గోల్ కిక్‌కి ఆఫ్‌సైడ్ కూడా లేదు, వాణ్ని వాళ్ల ఆఖరి మనిషి కంటే లోపల నిలబెట్టినా తప్పు లేదు, ఇది మన దగ్గర సగం మంది ప్లేయర్లకి తెలీదు. ఆరుగురు మీ బాక్స్ దగ్గరుంటే అక్కడ మీవాడితో ఆడేది ఇద్దరో ముగ్గురో, ఒక్క బాల్ ఆగితే గ్రౌండ్ సగం ఖాళీ. పాస్ ఆడే టీమ్ మీదకి ఎదుటివాళ్లు ఎగబడాలంటే వెనక భయం ఉండాలి, ఆ భయం మీవాడు.

వింగర్ల సంగతి నువ్వు రాయలేదు. 4-3-3 అన్నావు కాబట్టి ఊహిస్తున్నా, ఎడమ పక్క కుడికాలోడు, కుడి పక్క ఎడమకాలోడు, ఇద్దరూ లోపలికి కోసుకొచ్చి షాట్ కొడతారు, అవునా? టీవీ చూసి అందరూ అదే ఆడుతున్నారు. అట్లయితే క్రాస్ వేసేదెవరు? బాక్స్‌లో ఆరడుగుల మనిషిని నిలబెట్టి సీజనంతా ఒక్క మంచి క్రాస్ వెయ్యకుండా గోల్స్ రావట్లేదని వాణ్ని తిట్టడం నేను చాలా చోట్ల చూశా. ఇద్దర్నీ మార్చక్కర్లేదు, ఒక పక్క మాత్రం ఆ పక్క కాలోణ్నే పెట్టు, లేదా ఆ పక్క బ్యాక్‌ని గీత దాకా పంపు. ఇంకో పక్కవాడు లోపలికి రానీ, వాడే మీ ఎంబాపే, కాకపోతే బాల్ గాల్లో ఉండగానే వాడు ఉరకడం మొదలెట్టాలి, పొడుగోడు గెలిచాడా లేదా చూసి బయల్దేరితే బస్సు వెళ్లిపోయినట్టే.

ప్రాక్టీస్‌లో నేను చేయించేది చెప్తా, చిన్నదే. ఇరవై ఐదు గజాల చదరం, ఒక చివర రెండు చెప్పుల జతలు పెట్టి గోల్. టార్గెట్ మ్యాన్, వాడి వెనక స్టాపర్, ఎదురుగా పాస్ ఇచ్చేవాడు, పక్కన ఉరికేవాడు, అవతల ఇంకో డిఫెండర్. రూలు ఒక్కటే, పొడుగోడికి రెండు టచ్‌లే, గోల్ కొట్టే హక్కు వాడికి లేదు, పాస్ ఇచ్చినవాడికీ లేదు, మూడోవాడు కొడితేనే లెక్క. మొదటి రోజు రచ్చరచ్చగా ఉంటది, పొడుగోడు గోడలాగా నిటారుగా నిలబడతాడు, బాల్ మోకాలికి తగిలి ఎటో పోతది. వాణ్ని పక్కకి తిరిగి నిలబడమను, స్టాపర్‌కి దూరంగా ఉన్న కాలితో తీసుకోమను, మోకాళ్లు వంచమను. నాలుగైదు సెషన్లకి ఉరికేవాడు పాస్ బయల్దేరకముందే కదలడం మొదలుపెడతాడు, అక్కడ నీకు టీమ్ తయారైందన్నమాట. మా పిల్లల్లో ఒకడు దీన్ని "మూడోవాడి ఆట" అనేవాడు, పేరు అట్లానే నిలిచిపోయింది.

పనికిరాని చోట్లు కూడా ఉన్నాయి, దాచను. మీరు వెనక్కి తగ్గి ఆడి, బాల్ దొరగ్గానే ఖాళీలోకి ఉరికే టీమ్ అయితే బక్కపలచని చురుకైనవాడే మేలు. ముందు నుంచే మీద పడి ప్రెస్ చేసే టీమ్ అయినా ఇబ్బందే, పొడుగోడు నలుగురి వెనక కుక్కలా తిరగలేడు, యాభై నిమిషాలకి చచ్చిపోతాడు. అప్పుడు వాణ్ని ఉరికించకుండా వాళ్ల మధ్య లింక్‌మన్‌కి అడ్డంగా నిలబెట్టి, పరిగెత్తే పని వింగర్లకి అప్పజెప్పుకోవాలి. మీ మిడ్‌ఫీల్డ్ ముగ్గురికీ "బాల్ నా కాలికే రావాలి" అనే జబ్బుంటే మాత్రం ఎవడొచ్చినా కష్టమే.

ఎనిమిది మ్యాచులకి మనిషిని తీసెయ్యకండి. నోటుబుక్ లెక్క రెండు మ్యాచులది వచ్చాక ఇక్కడే రాయి, దాంతోపాటు మీ రైట్ వింగర్ ఏ కాలోడో, ఆ పొడుగబ్బాయి కార్నర్లకి ఎక్కడ నిలబడుతున్నాడో కూడా చెప్పు. వాణ్ని డిఫెన్స్‌లో ఫస్ట్ పోస్ట్ దగ్గర పెట్టట్లేదంటే ఆ పని రేపే చెయ్యి, దానికి నా లెక్కలేం అక్కర్లేదు.